రెండో షిఫ్ట్: కుక్కర్ కూతకు ముందు

దేవదాసు ముందు పెట్టిన చాయ మీద మీగడ కట్టి చాలాసేపయింది. అతను దాన్ని ముట్టుకోలేదు. పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు వైపూ చూడలేదు. జమున మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచితే, అది తనకు కాదన్నట్టు గడప పక్కన తన సంచి మీదే కూలబడ్డాడు. చెల్లెలి ఇంటికి వచ్చిన అన్న అలా సంచి మీద కూర్చున్నాడంటే ఉండటానికి రాలేదని, తెంచుకోవడానికి వచ్చాడని ఎవరికైనా తెలుస్తుంది.

"నీళ్ళన్న తాగు అన్నా," అంది జమున. అనడం ఇది మూడోసారి.

"తాగనీకి రాలే."

"రాత్రంత బస్సుల అచ్చినవ్. గొంతెండుతది."

"ఎండని. మీ ఇంట్ల గొంతులతోని ఏమేం చేస్తరో సూసిన గద."

జమున గ్లాసును అక్కడే ఉంచి గోడకు ఆనుకుని నిలబడింది. పొయ్యి దగ్గర కూర్చున్న కూతురు సంతోషి తల ఎత్తలేదు. ఉన్న ఒక్క గదిలో తల ఎత్తితే ఎవరో ఒకరి ముఖం చూడాల్సి వస్తుంది.

మేనమామ పొద్దున తొమ్మిదింటికి దిగాడు. దిగుతూనే, చెప్పులైనా విప్పకుండా, జేబులోంచి ఫోను తీసి గది మధ్య నేల మీద పెట్టి ఒక పాట మోగించాడు. మూడు నిమిషాల పాట. డప్పు, దాని కింద గుండెలో గుద్దినట్టుండే బేస్, ఆ రెండింటి మధ్య ఒక ఆడమనిషి ఏడుపు.

ఆ ఏడ్చే మనిషి జమునే.

కిందటేడు ఆమె తల్లి పోయింది. కోరుట్ల దాటి ఉన్న పుట్టినూరికి సూరత్ నుంచి బస్సులో ఒక రాత్రీ ఒక పూటా పడుతుంది. శవం అంతసేపు ఆగదు. సూరత్‌లోని వడోద్ వాడలో ఉండే మన మగ్గాలవాళ్ళకు ఈ గతి కొత్త కాదు కాబట్టి, వాళ్ళే ఒక ఆచారం కల్పించుకున్నారు. ఊరికి అందలేని ఆడబిడ్డ ఇక్కడ ఫోనులో శోకం పెట్టి పంపుతుంది. అక్కడ ఎవరో ఒకరు ఆ ఫోనును శవం చెవి దగ్గర పెడతారు. బిడ్డ ఏడుపు విన్నాకే పాడె లేస్తుంది. జమున అలాగే ఏడ్చి పంపింది. దేవదాసే తల్లి చెవి దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఏడుపుకు ఇప్పుడు డప్పు కట్టారు. అదే పాట వాళ్ళ ఊళ్ళో, పోయిన గురువారం ఒక పెళ్ళి బరాత్‌లో డీజే బండి మీద మోగింది.

"ఎల్లుండి అవ్వ యాడాది," అన్నాడు దేవదాసు. "నిన్ను తోల్కపోదామని పది దినాల కింద రెండు టికెట్లు తీసిన. ఇయ్యాల్టి నాలుగ్గంటల బస్సు. గిప్పుడు రెండోది చింపాల్నా ఉంచాల్నా నువ్వే చెప్పు."

"చింపకు అన్నా."

"మరి చెప్పు. గా దినం నువ్వు ఏడ్సినవా, షూటింగ్ చేసినవా?"

ఈ మాట దగ్గరే పొద్దుటినుంచి బండి ఆగిపోయింది. పాట మొదట్లో, డప్పు రాకముందు, మిషను మాట్లాడినట్టుండే ఒక గొంతు వినిపిస్తుంది. 'అమ్మా, మళ్ళా మొదటినుంచి' అంటుంది. ఆ తర్వాతే జమున ఏడుపు మొదలవుతుంది. ఊరంతా ఆ మాట విన్నది. తల్లి చచ్చి పడి ఉంటే బిడ్డ సూరత్‌లో కూర్చుని, సినిమావాళ్ళలాగా మళ్ళీ మళ్ళీ చేయించుకుని ఏడ్చిందని ఊరు తేల్చేసింది.

మంచం కాళ్ళ దగ్గర జమున మొగుడు రాజనర్సు కూర్చుని ఉన్నాడు. రాత్రి పాళీ దిగి వచ్చి, కన్ను మూయకుండా, అన్నాచెల్లెళ్ళ పెదవుల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య నిలబడినందుకు కార్ఖానా అతనికిచ్చిన బహుమానం చెవుడు. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తే మాట అందుతుంది. ముఖం తిప్పుకుంటే లేదు.

"బావా," అన్నాడు దేవదాసు అతని వైపు తిరిగి. "నేను నీ మీద ఎన్నడన్న మాటన్ననా? అవ్వ సచ్చినప్పుడు ఊరంత ఏమన్నదో తెల్సా? సూరత్ బావ పెండ్లాన్ని పంపలే అన్నరు. నేను కడుపుల పెట్టుకున్న."

రాజనర్సు నొసలు ముడిచాడు. "నేను పంపలేదా?"

"ఊరు అన్నది బావా."

"నేను సంచి తెచ్చి ముందల పెట్టిన గద. పోయేవరకు అయిపోతది, నేను పోను అని ఇదే అన్నది." అతను భార్య వైపు చూశాడు. "కాదే జమునా?"

జమున ముఖం గోడ వైపు తిప్పుకుంది. రాజనర్సుకు జవాబు అందలేదు. అసలు జవాబు ఉందో లేదో సంతోషికీ తెలియలేదు.

"గవన్ని ఇప్పుడెందుకు," అన్నాడు దేవదాసు తొందరగా. "గీ పాట కింద సంతోషి సోపతి, గా డాక్టర్ బిడ్డ పేరున్నది. మౌక్తిక అని. ఆ పొల్లను పిలువుండ్రి. నా ముందల నిలబడి చెప్పాలె."

సంతోషి అప్పటికే పిలిచి గంటయింది. మౌక్తిక కతర్‌గామ్ నుంచి బయలుదేరానని మెసేజ్ కూడా పెట్టింది.

*

మౌక్తిక మెట్లెక్కే చప్పుడు విని సంతోషి బయటికి పరుగెత్తింది. ఇద్దరూ నడిమి మెట్టు మీద ఎదురుపడ్డారు. మౌక్తిక భుజానికి లాప్‌టాప్ సంచి ఉంది. ఎండలో స్కూటీ మీద వచ్చినందుకు ముఖం కందిపోయింది.

"నెట్‌లోంచి పాట తీసేశాను," అంది ఊపిరి తీసుకుంటూ. "కానీ లాభం లేదు యార్. మనది మెల్లగా ఉండేది కదా. దాన్ని ఎవడో డీజే స్పీడ్ పెంచి, డప్పు వేసి వదిలేశాడు. అది అందరి ఫోన్లలో ఉంది."

"మామకు మెల్లగున్నా ఒకటే, ఉరికినా ఒకటే."

"విను. నేనే చేశానని చెప్తాను. పేరు నాదే ఉంది, మైకు నాది, లాప్‌టాప్ నాది. నన్ను నాలుగు తిట్టి పోతాడు. నీ పేరు చెప్తే మీ అమ్మకు ఊరు లేకుండా పోతుంది."

"వద్దు," అంది సంతోషి. అయితే ఆ 'వద్దు'లో బలం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కాలేజీలో మొదటి ఏడాది ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు మొదలైన పిచ్చి ఇది. మౌక్తిక వాళ్ళ మేడ మీది గదిలో, ఒకే హెడ్‌ఫోన్‌ను చెరో చెవికి పెట్టుకుని, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో పాటలు కట్టి, మౌక్తిక పేరు మీద నెట్‌లో పెట్టేవాళ్ళు. తమ జట్టుకు 'రెండో షిఫ్ట్' అని పేరు పెట్టుకున్నారు. ఒక్కో పాటను నలభై మంది వింటే పండగ చేసుకునేవాళ్ళు.

అమ్మమ్మ పోయిన రోజు మంచి మైకు తెమ్మన్నది సంతోషే. ఫోనులో ఏడిస్తే గరగరమంటుంది, అమ్మమ్మకు సరిగా వినపడాలి అనుకుంది. ఆ అనుకోవడంలో పాపం లేదు. పాపం నాలుగు నెలల తర్వాత మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆ ఫైలు తెరిచి వింటూ ఉంటే, చరణానికీ చరణానికీ మధ్య అమ్మ తీసుకునే ఊపిరి ప్రతిసారీ ఒకే కొలతలో వస్తోందని సంతోషి గమనించింది. కత్తిరించనక్కర లేదు, సాగదీయనక్కర లేదు. దాని కింద మెల్లగా ఒక బీట్ పరిచింది. ఆ రాత్రే కాదు, వారం రోజులు దాన్ని వింటూ ఏడ్చింది. ఇది మనం చేసినవాటిలో నిజమైన పాట అని మౌక్తికతో అంది.

"ఆంటీని అడిగావా?" అని మౌక్తిక అప్పుడే అడిగింది.

"అడిగిన," అని సంతోషి అబద్ధం చెప్పింది.

స్నేహితురాలికి ఇంతవరకూ ఆ నిజం చెప్పలేదు.

"రా," అంది మౌక్తిక. "నువ్వేం మాట్లాడకు."

*

"నమస్తే అంకుల్," అంది మౌక్తిక చేతులు జోడించి.

దేవదాసు ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. ఇంత చిన్నపిల్ల అనుకోలేదు కాబోలు.

"నువ్వేనా?"

"అవునంకుల్. నేనే చేశాను. తప్పయింది. సంతోషికి తెలీదు. ఆంటీకి తెలీదు."

"మరి 'మళ్ళా మొదటినుంచి' అన్న గొంతు ఎవలది?"

"నాదే. మిషన్‌తో మార్చాను."

"ఏం పాట అనుకున్నవ్ బిడ్డా అది?"

"ఏడుపని తెలుసు అంకుల్. చాలా బాగుందని..."

"బాగుందా?" దేవదాసు సంచి మీది నుంచి లేచాడు. "శవం కాడ ఏడుపు బాగుందా? మీ అయ్య డాక్టరే గద. దవాఖానల రోజొకరు ఏడుస్తరు. గదంత పాట కట్టుండ్రి. రేపు మీ అమ్మ సచ్చినా కూసోని కట్టు. బాగుంటది!"

మౌక్తిక కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆమె తల వంచుకుంది.

"ఓ బావా," అన్నాడు రాజనర్సు చెయ్యెత్తి. మాటలన్నీ అందకపోయినా పిల్ల ముఖం అందింది. "పరాయింటి పిల్ల. జర చిన్నగ మాట్లాడు."

"చిన్నగనా? నేనా?" దేవదాసు గొంతు పగిలింది. "నా బాధ మీకేం తెల్సు బావా? బరాత్ మా వాడకే అచ్చింది. సోపతిగాళ్ళు గుంజుకపోయిండ్రు. గీ పాట పెట్టిండ్రు. మంచిగున్నది దెబ్బ. నేను గూడ ఎగిరిన."

రాజనర్సు ఎత్తిన చెయ్యి దించాడు.

"ఎగిరిన బావా! తువ్వాల తిప్పుకుంట ఎగిరిన. రెండు నిమిషాలు ఎగిరినంక, గీ గొంతు ఎక్కడ్నో విన్న గద అనిపిచ్చింది. కాళ్ళు ఆగినయి. మా అవ్వ చెవు కాడ నేను పట్టుకున్న ఫోను యాదికచ్చింది. ఆ ఏడుపు మీద నేను ఎగిరిన. అవ్వను కాలవెట్టిన చేతులే తువ్వాల తిప్పినయి!"

అతను మళ్ళీ సంచి మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

పొద్దుటినుంచి ఇతను అరుస్తున్నది ఎందుకో సంతోషికి అప్పుడు అర్థమైంది. అరిచే మామను భరించగలిగింది. ఇలా చేతులు చూసుకునే మామను భరించడం ఆమె వల్ల కాలేదు. పక్కన మౌక్తిక, తనది కాని తిట్లు తిని, ముక్కు ఎగబీలుస్తోంది.

"మామా," అంది సంతోషి. "ఆ గొంతు నాది."

"సంతూ, చుప్!" అంది మౌక్తిక.

"పాట చేసింది నేను. పేరొక్కటే దానిది. అమ్మను అడిగినవా అని అది అడిగింది. అడిగిన అని అబద్ధం చెప్పిన."

మౌక్తిక చప్పున తల తిప్పి ఆమె వైపు చూసింది. ఆ చూపు దేవదాసు తిట్లన్నిటి కంటే ఎక్కువగా తగిలింది.

"దీనికేం తెల్వదు మామా. అమ్మకు గూడ తెల్వదు. నన్ను కొట్టు."

దేవదాసు కొట్టలేదు. చెల్లెలి వైపు తిరిగి, "ఇన్నవా నీ బిడ్డ ముచ్చట?" అన్నాడు.

"నాకు పొద్దుగాలనే తెల్సు," అంది జమున గోడ వైపే చూస్తూ. "మిషిని ఎంత మార్చినా నా బిడ్డ గొంతు నాకు తెల్వదా?"

ఆమె అరిచి ఉంటే సంతోషికి కొంచెం ఊపిరి ఆడేది. జమున అరవలేదు. గోడకు కొట్టిన మేకును వేలితో అటూ ఇటూ కదిలిస్తూ నిలబడింది. తల్లి తనతో ఇక ఎప్పటికీ ఇంతే మాట్లాడుతుందేమో అని సంతోషికి భయమేసింది.

*

గోడ మీది గడియారం రెండున్నర చూపిస్తోంది. బస్సు ఆగేచోటికి ఇక్కడి నుంచి ఆటోలో ముప్పావుగంట.

"అయితే రెండుసార్లు ఏడ్పిచ్చినవ్," అన్నాడు దేవదాసు. ఇప్పుడతని గొంతులో కోపం తగ్గి నీరసం వచ్చింది. అది మరీ భయంగా ఉంది. "మీ అమ్మ రెండుసార్లు ఏడ్సింది. గదేనా?"

"పక్కింటి మంగక్క కుక్కర్ సీటీ కొట్టింది మామా. రికార్డింగుల పడ్డది. అందుకని ఆపి, మళ్ళా మొదటినుంచి ఏడువుమన్న. తప్పు నాది."

"అవ్వకు నేను ఇనిపిచ్చింది రెండోది."

"అవును."

"అంటే యాదికి తెచ్చుకోని ఏడ్సింది." అతను లేచి సంచి అందుకున్నాడు. "సాలు జమునా. అవ్వకు ఉత్త ఏడుపు పంపినవ్. యాడాదికి రాకు. నేనే పెట్టుకుంట. ఊర్ల అడిగితే బావ పంపలే అంట, ఎట్లన్న నేను ఒకసారి అన్న మాటనే గద."

ఆఖరి మాట నోరు జారి వచ్చింది. దేవదాసు దాన్ని గమనించనే లేదు. జమున గమనించింది. మేకు మీద ఆమె వేలు ఆగిపోయింది.

సంతోషి గమనించలేదు. ఆమెకు ఒక్కటే కనిపిస్తోంది. మామ గడప దాటితే అమ్మకు పుట్టిల్లు లేదు. ఏడాది పొడుగునా అమ్మ ఒక్క కోరిక కోరింది. అవ్వ పోయినప్పుడు పోలేకపోయిన, యాడాదికన్న పోయి ఆ మట్టి ముట్టుకుంట అంది. బట్టలు మడిచిన సంచి మంచం కింద రెండు వారాల నుంచి ఉంది. దాన్ని తను ఒక పాట కోసం కాలదన్నింది.

"మొదటిది ఉన్నది మామా!" అంది.

దేవదాసు ఆగాడు.

"సీటీకి ముందు ఏడ్సింది. అది అట్లనే ఉన్నది. దాన్ని ఎవలూ వినలే, నేను గూడ మళ్ళా వినలే. అమ్మ నిజంగ ఏడ్సిందా లేదా అది వింటే నీకే తెలుస్తది. మౌక్తీ, ఒరిజినల్ ఫైలు ఉందా?"

"ఉంది," అంది మౌక్తిక ముభావంగా. లాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టింది. సంతోషి ముఖం చూడకుండానే తెరిచింది.

"వద్దు," అంది జమున.

అందరూ ఆమె వైపు తిరిగారు. పొద్దుటి నుంచి ఆమె ఇంత గట్టిగా అన్న మాట ఇదొక్కటే.

"పెట్టకు సంతోషీ. చెప్తాన్న గద. తుడిచెయ్యి దాన్ని."

"ఎందుకమ్మా? మామకు తెల్వాలె."

"ఏం తెల్వనవసరం లేదు. ఊరికి రాను అన్నా. నువ్వు పో. బస్సు పోతది, పో."

"గంత భయమెందుకు?" అన్నాడు దేవదాసు. అనుమానం మళ్ళీ అతని కళ్ళలోకి వచ్చింది. "అందుల ఏడుపు లేదా ఏంది? పెట్టు బిడ్డా. వింట."

రెండుసార్లు ఏడ్చినందుకు అమ్మ సిగ్గు పడుతోందని సంతోషి అనుకుంది. పాపం, అంతకంటే ఆమెకు ఏం తోస్తుంది? ఆ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద ఎగిరిపడే పచ్చగీతను చూస్తూ కూర్చుంది. గొంతు పగులుతోందా, మైకుకు మరీ దగ్గరైందా అని చూసింది. కుక్కర్ కూత వినపడగానే చెయ్యెత్తి ఆపింది. ఆ పూట ఆమె కూతను విన్నది, తల్లిని వినలేదు.

జమున చెయ్యి లాప్‌టాప్ మీదికి వచ్చేలోగా సంతోషి మీట నొక్కింది.

ముందు ఫ్యాను చప్పుడు వచ్చింది. దూరంగా మగ్గాల మోత. తర్వాత జమున గొంతు, ఇంకా ఏడుపు కాకుండా, ఉత్త ఊపిరిగా.

'నన్నుగన్న అవ్వో... నా అవ్వో...
నీ ఆఖరి సూపు కరువాయె అవ్వో...'

దేవదాసు కళ్ళు మూసుకున్నాడు. ఈ రెండు చరణాలూ అతనికి తెలుసు. తల్లి చెవి దగ్గర విన్నవే.

'సంచి సదిరి పెట్టుకుంటి అవ్వో... బండెక్కి నేనొస్తనంటి అవ్వో...
రావద్దు చెల్లె అనె నా అన్న అవ్వో... వస్తె ఆగమైతది అనె అవ్వో...
ఒక్క పొద్దు నిన్ను ఉంచలేకపాయెనా అవ్వో...
నా మాట నా పెనిమిటికి గూడ చెప్పుకోకపోతి అవ్వో...'

అంతలో చెవులు చిల్లులు పడేలా కుక్కర్ కూసింది. దాని వెంటే సంతోషి గొంతు, మిషనుతో మార్చనిది, చురుగ్గా, పనిమీద ఉన్న మనిషి గొంతు. 'అమ్మా ఆగు, ఆగు. సీటీ పడ్డది. మళ్ళా మొదటినుంచి.'

కొంచెంసేపు ఏమీ లేదు. ముక్కు తుడుచుకున్న చప్పుడు. జమున గొంతు, మెల్లగా. 'ఎక్కడినుంచి అందుకోవాలె బిడ్డా?'

'అమ్మా, మళ్ళా మొదటినుంచి.'

మళ్ళీ ఏడుపు మొదలైంది. 'నన్నుగన్న అవ్వో...' ఈసారి అందులో సంచి లేదు. బండి లేదు. అన్న లేడు.

సంతోషి ఆపేసింది.

ఎనిమిది నెలలుగా ఈ ఏడుపును వేలసార్లు విన్నది. మూడో చరణం దగ్గర అమ్మ ఒక క్షణం తడబడితే, ఆ తడబాటు అందంగా ఉందని దాన్ని రెండుసార్లు తిప్పి పెట్టింది. అమ్మ అక్కడ మాట మింగిందని ఇప్పుడు తెలిసింది. కుక్కర్ కూసేసరికి జమునకు ఆలోచించుకునే అర నిమిషం దొరికింది. నలుగురి మధ్యా శవం దగ్గర ఈ మాటలు వినపడితే అన్న పరువు ఏమవుతుందో ఆ అర నిమిషంలో తలుచుకుని, రెండోసారి అతన్ని తీసేసి ఏడ్చింది.

సంతోషి తన రెండు చెవులూ మూసుకుని నేల మీద కూర్చుండిపోయింది.

దేవదాసు ముఖం నల్లబడింది. "నేను... అప్పుడు ఎండకాలం... శవం ఉంచితె..." అని ఆగిపోయాడు.

"ఏమన్నదే?" అన్నాడు రాజనర్సు.

లాప్‌టాప్‌కు పెదవులు లేవు. అతనికి ఒక్క మాటా అందలేదు. అందరి ముఖాలూ మారిపోవడం మాత్రం చూశాడు.

"ఏమన్నదే జమునా? బావ మొకం ఎందుకట్లయింది? సంతోషీ, నువ్వు చెప్పు బిడ్డా. ఏమున్నది అందుల?"

సంతోషి తల్లి వైపు చూసింది. మామ వైపు చూసింది. దేవదాసు రెండు చేతులూ జోడించలేదు గానీ, ఆ చూపు జోడించినట్టే ఉంది. ఊళ్ళో అందరి ముందూ బావ మీదికి తోసిన మాట అది. బావ ఆ మచ్చను తెలియకుండానే ఏడాదిగా మోస్తున్నాడు.

దేవదాసు వంగి, పొద్దుటినుంచి ముట్టని గ్లాసు అందుకుని, నీళ్ళన్నీ గటగటా తాగేశాడు.

"లే చెల్లె," అన్నాడు మూతి తుడుచుకుంటూ. గొంతులో ఎక్కడలేని మెత్తదనం వచ్చింది. "సంచి తీసుకో. టైమైతాంది. అయిందేదో అయింది, పిల్లలు తెల్వక చేసిండ్రు. యాడాదికి నువ్వు లేకుంటె ఎట్ల? పా, పోదాం." జేబులోంచి టికెట్లు రెండూ తీసి పట్టుకున్నాడు.

జమున ఏడాదిగా ఎదురుచూసిన మాట అదే. మంచం కింద సంచి ఉంది. ఇక ఆమె ఒక్క మాట మాట్లాడకుండా బయలుదేరితే చాలు, అన్నీ సర్దుకుంటాయి.

"ఏమన్నదని అడుగుతాన్న!" అన్నాడు రాజనర్సు. ఈసారి అతని గొంతు గదికి మించి వచ్చింది.

జమున గోడను వదిలి, వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. తన ముఖం అతనికి పూర్తిగా కనిపించేలా గడ్డం ఎత్తింది. ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"ఎల్లుండి ఊర్ల చెప్త. నువ్వు గూడ రా. నలుగుర్ల, అవ్వను కాలవెట్టిన కాడ కూసోని ఏడుస్త. నువ్వు నా ఎదురుంగ కూసో, నా మొకమే సూడు. అంత తెలుస్తది."

"జమునా," అన్నాడు దేవదాసు. "చెల్లె, ఇగ సూడు..."

"వస్త అన్నా. వస్తనన్న గద. గని రెండోది ఏడువ. మొదటిదే ఏడుస్త."

మంచం కిందికి వంగి సంచి లాగింది. దాన్ని చంకన పెట్టుకుని, నేల మీద కూర్చున్న కూతురి ముందు నిలబడింది. సంతోషి తల ఎత్తే ధైర్యం చేయలేకపోయింది. తల్లి కాళ్ళనే చూస్తూ ఉంది.

"నువ్వు గూడ లే," అంది జమున. "ఆ పొల్లను అడిగి మైకు తెచ్చుకో. ఈసారి సీటీ వచ్చినా, ఎవలు వచ్చినా నన్ను ఆపకు."

మౌక్తిక లాప్‌టాప్ సంచిలోంచి మైకు బయటికి తీసింది. సంతోషికి ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని, ఆమె అడుగుతుందేమో అని చూస్తోంది.

రాజనర్సు లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు. గడప దగ్గర దేవదాసు వాళ్ళకు అడ్డం రాలేదు, పక్కకు జరిగి దారీ ఇవ్వలేదు. అతని చేతిలో ఉన్నవి రెండే టికెట్లు.